మూత మూసి చేసిన ప్రార్థన

నంద్యాల, మంగళవారం రాత్రి

పొద్దున మామూలుగానే లేచి, వాకిలి ఊడ్చి, టీ తాగి, ముందుగదిలో బైబిలు తెరిచాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన చెల్లెలు సుగుణ లోపలి గదిలో ఫోను ఎదుట కూర్చుంది. టీచరు ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. పాత బడి మూతపడ్డాక ఆమెకు వచ్చిన మొదటి పిలుపు ఇదే. మా ఇంట్లో ఫోన్లకు సిగ్నల్ అందదు. అందుకని తమ్ముడు ప్రభాకర్ నెట్ వైరును ముందుగదిలోని ల్యాప్‌టాప్‌కు పెట్టి, దాని నుంచి ఆమె ఫోనుకు వైఫై ఇచ్చాడు.

తెర వెలుగు కళ్లలో పడుతోందని ల్యాప్‌టాప్ మూత మూసి, సుగుణ కోసమే మోకరించాను. ఆమెన్ అనకముందే లోపలి నుంచి సుగుణ కేక.

"అక్కా, నెట్ పాయ! ఆయప్ప ప్రశ్న అడుగుతాండగానే పాయ!"

ప్రభాకర్ పరుగున వచ్చి మూత తెరిచాడు. "ఇది మేలుకోనుంటేనే నెట్ పంచుతాది అక్కా. మూస్తే నిద్రపోతాది."

"వైరు ఊడలేదు కదప్పా, మూతతో ఏం పని దానికి?" అన్నాను.

"నా కోసం ప్రార్థన చేసినావా, నా నెట్టు కోసినావా?" అంది సుగుణ. నవ్వుతూనే అంది గానీ కళ్లు తడిగా ఉన్నాయి.

నెట్ మళ్లీ వచ్చేసరికి అవతలి వాళ్లు కాల్ ముగించేశారు. రోజంతా అదే ఆలోచన. కనబడనిది గోడ దాటి పోవడం నాకు కొత్త కాదు. మూత వేస్తే తెగిపోవడమే కొత్త.

సాయంత్రం స్కూలు వాళ్లు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, రేపు మళ్లీ మాట్లాడతామన్నారు. ముగ్గురం కూర్చొని తేల్చుకున్నాం. ల్యాప్‌టాప్ కాపలా నాదే. ప్రార్థన దాని ముందే చేసుకోవచ్చు. కళ్లు మాత్రమే మూసుకోవాలి.