ఎక్కడుందో చెప్పే కోడ్

నవంబర్ 10

ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో చెబితే బాపు అన్నం తినడు. ఎక్కడా చెప్పకుండా ఉండలేను. అందుకే రాస్తున్నాను.

ఊళ్లలో జనం మాట్లాడింది రికార్డు చేసి, టైప్ చేసి, మెషిన్‌కు తెలుగు నేర్పే కంపెనీకి పంపడం జనగామలోని మా ఆఫీసు పని. పోయిన నెల గణేశ్ సార్ నన్ను పిలిచాడు. టెక్స్ట్‌లో లంబాడి మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపెట్టే రెజెక్స్ అనే చిన్న కోడ్ రాయమన్నాడు. తండా పిల్లవు నువ్వొక్కదానివే కదా అన్నాడు. గర్వపడ్డాను.

నాకు తెలిసిన మాటలన్నీ ప్యాటర్న్‌లో పెట్టాను. రన్ చేస్తే ప్రతి మాటకూ రెండు నంబర్లు వచ్చాయి. ఎన్నో అక్షరం దగ్గర మొదలైంది, ఎక్కడ ముగిసింది. అంతే. మాటను ముట్టుకోదు. ఎక్కడుందో చెబుతుంది.

సార్ ఆ నంబర్లకు ఇంకో కోడ్ తగిలించాడు. అది టెక్స్ట్‌లోనూ ఆడియోలోనూ ఆ చోట్లన్నీ కోసేసింది. కంపెనీకి తెలుగు మాటలే కావాలట. నాకు ఈరోజు తెలిసింది.

నవంబర్ 11, మధ్యాహ్నం

కోసిన ఫైళ్లలో మా తండాది కూడా ఉంది.

నవంబర్ 13

మాతో పనిచేసే నిఖత్ శ్రావణంలో తీజ్ పండుగకు రికార్డర్ పట్టుకుని గూడూరు దగ్గర మా తండాకు వచ్చింది. అదే రోజు సుక్కి అత్త పుణె నుంచి వచ్చింది. చాలాకాలానికి కలిస్తే మా ఆడవాళ్లు మెడలు పట్టుకుని పాటలా ఏడుస్తారు. కష్టం, సుఖం అంతా అందులోనే చెప్పుకుంటారు. అమ్మను మేం యాడి అంటాం. యాడి అత్తను పట్టుకుని అలాగే ఏడ్చింది. నిఖత్ రికార్డర్ ఆపలేదు.

దసరా రాకముందే యాడి చనిపోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఫోన్లో ఫొటోలే.

కోసిన ఫైల్ విన్నాను. ఒక ఊపిరి. తర్వాత "కంప్యూటర్" అన్న ఒక్క మాట. అయిపోయింది. అత్తకు నా గురించి చెబుతోంది. మిగతావన్నీ నా ప్యాటర్న్ పట్టుకుంది. ఎందుకు పట్టుకోదు? ఆ మాటలన్నీ నాకు నేర్పింది ఆమే.

నవంబర్ 14

ఒరిజినల్ కావాలని సార్‌ను అడిగాను. కంపెనీ సర్వర్‌లోనే ఉందట, మా దగ్గరిది చెరిపేశారట. అక్కడిదీ నెలాఖరుకు డిలీట్ చేస్తారట. అడిగితే కాంట్రాక్ట్ పోతుందన్నాడు. అందులో ఏముందో చెప్పాను.

"ఏడుపు నాయిస్ కిందికే వస్తదమ్మా. గింత పరేషాన్ అయ్యేదానివి ముందే చెప్పొద్దా?"

సాయంత్రం నిఖత్ కంపెనీ మెయిల్ ఐడీ పంపింది. తన పేరు మాత్రం రాయొద్దంది.

నవంబర్ 16, ఆదివారం

బాపుకు చెప్పేశాను. రెజెక్స్ అంటే ఏందని అడిగాడు. వివరించాను. చేతిలో బీడీ వెలిగించకుండానే మళ్లీ కట్టలో పెట్టేశాడు.

"జాడ నువ్వు చూపినవు బిడ్డా. తోలుకపోయింది వాళ్లు."

ఓదార్చాడో తిట్టాడో తెలియలేదు. అన్నం తినలేదు.

నవంబర్ 17

సార్‌కు చెప్పకుండా కంపెనీకి పంపిన మెయిల్:

గూడూరు తీజ్ ఫైల్‌లో ఈ చోట్ల మా అమ్మ ఉంది. 412 నుంచి 416. 417 నుంచి 424. 425 నుంచి 433. 444 నుంచి 451. మిగతా నంబర్లు జతచేశాను. మధ్యలో 434 నుంచి 443 వరకు ఉన్న "కంప్యూటర్" నా దగ్గరే ఉంది, అది అక్కర్లేదు. నవంబర్ 28లోగా జవాబు ఇవ్వగలరు.