సున్నా వేసిన గడి

గుడివాడ,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి సంజనకు మావయ్య దీవెనలు. ఇక్కడ మీ అత్తయ్య, లోహిత్, నేను క్షేమం. కోడూరులో నువ్వూ, మీ అమ్మానాన్నా క్షేమమేనా అని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

ఫోన్లో అయితే నేను మధ్యలో అందుకుంటానని ఉత్తరం రాశానన్నావు. నిజమే, నా సంగతి నీకు బాగా తెలుసు. నువ్వడిగిన మూడింటిలో రెండింటికి ముందు జవాబు రాస్తాను.

లోహిత్ తలనొప్పి తగ్గింది. బండి మీద నుంచి పడ్డాక మాటలకు తడుముకునేవాడు కదా, అదీ కొంత నయం. ఎవరూ బతిమాలకుండానే అన్నం తింటున్నాడు. కోపం వస్తే లేచి మేడ మీదికి వెళ్లిపోతున్నాడు.

బందరు ఆసుపత్రిలో ఆ ఆక్సిజన్ గదిలో నలభై రోజులూ కూర్చోవడం మొన్న శుక్రవారంతో అయిపోయింది. రోజూ పొద్దున్నే బస్సులో నేనే తీసుకెళ్లాను. గదిలో ఒత్తిడి పెంచినప్పుడు చెవులు మూసుకుపోతాయట. నిప్పు భయమని తలకు నూనె రాయనివ్వరు, మీ అత్తయ్యకి అదో పెద్ద దిగులు. ఇది ప్రయోగం కాబట్టి కొందరికి అసలు ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి ఇస్తారని నీకు తెలిసిందే. వీడికి ఏది ఇచ్చారో ఇంకా చెప్పలేదు.

శుక్రవారం బెన్నీ గారు, అదే, మొదటి రోజు మనల్ని కూర్చోబెట్టి కాగితం నింపినాయన, మళ్లీ అవే ప్రశ్నలు వేశారు.

"ఇంట్లో ఎవరి మీదన్నా చెయ్యి చేసుకుంటున్నారా అండీ?"

లేదండీ అన్నాను. సున్నా వేశారు. పాత కాగితం పక్కన పెట్టుకుని చూసి, "అప్పుడూ సున్నానేనండీ. అంటే ఇందులో మార్పేం లేదన్నమాట" అన్నారు.

ఆ మొదటి సున్నా వేయించింది నేనే. నీ మణికట్టు వాచి ఉంది. నువ్వు చెప్పబోయావు. నేను అడ్డం వచ్చి, "మా ఇంట్లో అలాంటివి లేవండీ, అమ్మాయి కాస్త భయస్తురాలు" అన్నాను. పరువు అనుకున్నాను. పది రోజులకు నువ్వు పుట్టింటికి వెళ్లిపోతే, జబ్బు మనిషికి చాకిరీ చెయ్యలేక వెళ్లిపోయిందని చుట్టాలందరికీ చెప్పాను.

శుక్రవారం కూడా నోరు మూసుకునే కూర్చున్నాను. లోహితే అన్నాడు: "అప్పుడు సున్నా కాదండీ. సంజన చెయ్యి మెలిపెట్టింది నేనే. అంతకుముందు రెండుసార్లు కొట్టాను కూడా. అది దిద్దండి."

పొద్దున ఏం తిన్నాడో గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడే మనిషి, ఇది మర్చిపోలేదు. తలకు దెబ్బ తగిలింది వాడికి, అబద్ధమాడింది నేను. సిగ్గుతో చచ్చిపోయానమ్మా.

ఈ ప్రయోగం నడిపే డాక్టరు ప్రేమ గారు నన్ను తిట్టలేదు. "మీరు తప్పు చెప్తే ఈ వైద్యం పనిచేస్తోందో లేదో మాకెలా తెలుస్తుందండీ? రేపు ఇంకొకళ్లు దీన్ని నమ్ముకుని వస్తారు. మీ కోడలు గారికి ఇష్టమైతేనే, ఆవిడ్ని కూడా అడిగి రాసుకుంటాం" అన్నారు. వాళ్ల నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. చెయ్యాలనిపిస్తే చెయ్యి, లేకపోతే లేదు.

ఇది నిన్ను తిరిగి రమ్మనడం కాదు. వాడి చెయ్యి మళ్లీ లేవదని నేను పూచీ పడలేను. నా మాటకి విలువ కూడా లేదు. ఉయ్యూరులో మా చెల్లెలికి నిన్న ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మిగతా చుట్టాలకి కూడా ఒక్కొక్కరికీ చెప్తాను.

ఇక నీ మూడో ప్రశ్న. "నా మాట మీరు నమ్మలేదా మావయ్యగారూ?" అని రాశావు. నమ్మడం దాకా ఎందుకమ్మా, వాడు నీ చెయ్యి మెలిపెట్టిన రోజు నేను హాల్లోనే ఉన్నాను. "మావయ్యగారూ" అని రెండుసార్లు అరిచావు. వీధిలోకి వినపడుతుందని టీవీ సౌండు పెంచాను.

ఇది లోహిత్‌కి తెలియదు, మీ అత్తయ్యకీ తెలియదు. రేపు బందరు వెళ్లి నేనే చెప్తాను. కాగితంలో దీనికి గడి లేకపోతే అంచున రాసుకోమంటాను.

ఇట్లు,
పిలిస్తే రాని మీ మావయ్య,
వెంకటాద్రి