వెబ్‌సైటుకు కట్టిన తాడు

ఆఫీసు, 20-2-2007

పనసగుడ ఊరిపెద్ద శ్రీ మంగ్లు గారికి నమస్కారాలు.

కొండ ఊట నుంచి మీ ఊరికి తాగునీటి పైపులు వేయమన్న అర్జీ అందింది. దానికి గ్రామసభ తీర్మానం కావాలి. అయితే కొత్త రూలు ఒకటి వచ్చింది. సభకు ఏడు రోజుల ముందే తేదీ, అజెండా మా వెబ్‌సైటులో పెట్టాలి. పెట్టకపోతే ఆ సభ చెల్లదు. కాబట్టి రెండూ పంపగలరు. మార్చి 31 లోపు తీర్మానం రాకపోతే పైపులు వేరే ఊరికి వెళ్లిపోతాయి.

భవదీయుడు,
సర్వేశ్వరరావు, తాగునీటి ఆఫీసు గుమస్తా

తా.క.: వెబ్‌సైటు అంటే దేశమంతటికీ కనిపించే నోటీసు బోర్డు అనుకోండి.

పనసగుడ, 27-2-2007

గుమస్తా బాబు గారికి మంగ్లు దండాలు.

మీ రూలు మాకు కొత్త కాదు బాబూ, తాతల నాటిదే. సభకు ఎన్ని రోజులుంటే అడ్డతీగ నార తాడుకు అన్ని ముడులు వేసి గుమ్మానికి కడతాం. రోజుకొకటి విప్పుతాం. ముడులు అయిపోయిన రోజు సభ. ఏడు ముడుల తాడు ఈ కవర్లో పెట్టాను, మీ బోర్డుకు కట్టండి. అజెండా ఏముంది, నీళ్లే. మా ఆడవాళ్లు బిందెలతో మైలున్నర కొండ ఎక్కి దిగుతున్నారు.

ఇట్లు,
మంగ్లు

తా.క.: చివరి ముడి విప్పినవాడే మాకు సభ పెద్ద. దాన్ని మాత్రం ముట్టుకోకండి.

ఆఫీసు, 5-3-2007

మంగ్లు గారికి నమస్కారాలు.

తాడు అందింది. తేదీ లేదు. ఏం చేయాలో తోచక మా ఆఫీసరు గారిని అడిగాను. "వాళ్లు పంపింది పంపినట్టే పెట్టవయ్యా, నీ తెలివి కలపకు" అన్నారు. అందుకని తాడును ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టి, కింద 'అజెండా: నీళ్లు' అని రాశాను. రూలు నెరవేరింది. వారం తర్వాత సభ పెట్టి తీర్మానం పంపండి.

భవదీయుడు,
సర్వేశ్వరరావు

తా.క.: మా అటెండరు రామారావు ఆ తాడుతో ఫైళ్లు కట్టేశాడు. బతిమాలి విడిపించుకున్నాను. ముడులు ఏడూ క్షేమం.

పనసగుడ, 17-3-2007

బాబు గారికి దండాలు.

ఇదేం తాడు బాబూ? పోయిన శుక్రవారం అరకు సంతకు వెళ్లి ఇంటర్నెట్ కొట్టులో చూశాను. ఏడు ముడులు. నిన్న మళ్లీ చూశాను. ఏడే! ఇన్నాళ్లలో మీరు ఒక్కటీ విప్పలేదు. మా గుమ్మానికి కట్టిన తాడు ఎప్పుడో అయిపోయింది. కానీ చెల్లేది మీ బోర్డు మీదిదేనని మీరే రాశారు కదా. మా ఇంటిది కనక వాచిన కాళ్లతో బిందె దించి, "ఏటయ్యా, ఆ ఆఫీసోళ్లకి సేతుల్లేవా? బేగి ఇప్పమని రాయి" అంటోంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొస్తోంది.

ఇట్లు,
మంగ్లు

తా.క.: కొట్టువాడు మౌసు చేతికిచ్చి మీరే విప్పుకోండన్నాడు. గంటసేపు లాగాను. ముడి బిగుసుకుపోయింది.

ఆఫీసు, 22-3-2007

మంగ్లు గారూ,

అది బొమ్మ మహాప్రభో! లాగితే విడిపోదు. సభ అయ్యేదాకా మార్చడానికి రూలు ఒప్పుకోదు. ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి. మీ పైపుల మీద రెండు ఊళ్లవాళ్లు కన్నేశారు. నాకు అన్నం సయించడం లేదు. అందుకని అసలు తాడును బీరువాలోంచి తీసి, ఏడు ముడులూ నా చేత్తో నేనే విప్పి పంపుతున్నాను. దయచేసి సభ పెట్టండి.

మీ
సర్వేశ్వరరావు

తా.క.: మూడో ముడి దగ్గర గోరు విరిగింది.

పనసగుడ, 28-3-2007

బాబు గారికి ఊరందరి దండాలు.

తాడు నిన్న మధ్యాహ్నం అందింది, సాయంత్రమే సభ పెట్టాం. అందరూ వేలిముద్రలు వేశారు. తీర్మానం మా ఊరి కుర్రాడు భీముడి చేతికిచ్చి పంపుతున్నాను. కనక ఇవాళ నవ్వింది.

అయితే ఒక మాట. ముట్టుకోవద్దన్నా చివరి ముడి మీరే విప్పారు. కాబట్టి సభ పెద్ద మీరే, తీర్మానంలో మీ పేరే రాశాం. మా ఆచారం ప్రకారం పని మొదలుపెట్టేది సభ పెద్దే. మొదటి పైపు కొండ మీద ఊట దాకా మీ భుజం మీదే రావాలి. మేం కింద నిలబడి డప్పు కొడతాం.

ఇట్లు,
మంగ్లు

తా.క.: మీరు రావాల్సిన రోజుకు ఎనిమిది ముడుల తాడు పెట్టాను. ఈసారి ఫొటో తీయకండి.