హారను తీగె

మానుకోట, 1-2-84

చి.సౌ. అనసూయకు, పిల్లలకు ఆశీస్సులు.

నీ తమ్ముడు సోమలింగం కారులో టేప్‌రికార్డరు పెట్టించాడు. బిగించిన మేస్త్రీ హారను తీగె కోసి దానికి కలిపాడు. నిన్న గార్ల తోవలో బర్రెలు అడ్డమొస్తే హారను మోగలేదు, పాట మాత్రం ఆగలేదు. బర్రెలు నిలబడి విన్నాయి. చివరికి కిటికీలోంచి నేనే అరిచాను. గొంతు పోయింది, ఇంకేమీ కాలేదు, పరేషాన్ కాకు.

"హారను బాగుచేయించురా" అంటే "నువ్వున్నవు గదనే అమ్మా" అన్నాడు.

వచ్చే గురువారం మీ వరంగల్లులో నా కంటి ఆపరేషనుకు ఆ కారులోనే తెస్తాడట. కంటికి కట్టుతో తిరుగుదారిలో ఏమొస్తుందో చూసి అరవడం నా వల్ల కాదు. బుధవారం పొద్దున రైలుకే వస్తాను, అల్లుడిగారిని స్టేషనుకు పంపు. చిన్నదాని దగ్గు తగ్గిందా? నేను రైలుకు వచ్చే సంగతి తమ్ముడికి నువ్వే రాయి. నేను చెప్తే ఆ పాటలో వినిపించదు.

మీ అమ్మ