కదలని కార్ల లెక్క

నన్నడక్కుండా నా షెడ్డు షట్టరు మీద నోటీసు అంటించారు. ఇక్కడ నాలుగంతస్తుల పార్కింగ్ కడతారట, నెలలో ఖాళీ చెయ్యాలట. కార్లు బాగుచేసే షెడ్డు ఇది. ముందు పని, వెనక గదిలో అమ్మా నేనూ. ఇంత బజారుండగా మీ కన్ను మా గూటి మీదే ఎందుకు పడింది? నేను బడికెళ్లి నేర్చినవాణ్ణి కాదు, బండి కింద పడుకుని నేర్చినవాణ్ణి. తిన్నగా అడుగుతున్నా, తిన్నగా చెప్పండి.

ఇట్లు,
షెడ్డు మెకానిక్

తా.క.: మీ జిగురు బాగా పట్టింది. షట్టరు లేవడం లేదు. అమ్మా నేనూ లోపలే ఇరుక్కున్నాం. మనిషిని పంపండి.

---

చిరంజీవి మెకానిక్ బాబుకు, పార్కింగ్ అధికారిణి ఆశీస్సులు.

నీ ఉత్తరంలో పలకరింపు లేదు, ఆ లోటు నేనే పూడ్చాను. మా కుర్రాళ్లు బజారంతా తిరిగి లెక్క రాశారు. మిగతా చోట్ల బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. మీ షెడ్డు ముందు మాత్రం పెట్టిన కారు పెట్టినట్టే రోజుల తరబడి ఉంటోంది. పాపం, వేరే చోటు దొరక్కే కదా! అంత అవసరం ఉన్నచోట కాక ఇంకెక్కడ కడతాం?

శుభం కోరే,
అధికారిణి

తా.క.: జిగురు మనిషి సెలవులో ఉన్నాడు. కిటికీలోంచి దూరగలవా?

---

మేడమ్,

ఆ కార్లు కదలనిది చోటు దొరక్క కాదు, చక్రాల్లేక! నేనే విప్పాను. సామాను వచ్చేదాకా ఇటుకల మీద నిలబెడతాను. అది కూడా తెలియనివాళ్ల చేతికి కలమిచ్చి ఊరి మీదకి తోలారా? ఆస్పత్రిలో మంచం పట్టినవాళ్లని చూసి, 'వీళ్లకిక్కడ నిద్ర బాగా పడుతోంది, హోటలు కట్టండి' అన్నట్టుంది. షెడ్డు పోతే ఆ కార్లూ ఉండవు. మీ నాలుగంతస్తుల్లో అప్పుడేం పెడతారు, పావురాలనా?

కోపంతో,
మెకానిక్

తా.క.: నేను దూరాను. అమ్మ దూరలేక లోపలే ఉంది. అయినా మిమ్మల్ని తిట్టడం లేదు. 'ఆవిడా ఎవరికో జవాబు చెప్పుకోవాలి కదరా' అంటోంది. అమ్మ వంతు కూడా నేనే తిడుతున్నా.

---

చిరంజీవి బాబుకు,

నీ కోపం న్యాయమే. పై అధికారికి నీ ఉత్తరం చూపించాను. 'చక్రాలే లేవా? అయితే ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి' అని ఐదో అంతస్తు మంజూరు చేశారు. చూపించకుండా ఉండాల్సింది. మా లెక్కలో చక్రాలకి గడి లేదు బాబూ. బండి కదిలిందా లేదా, అంతే. చివరి లెక్క సోమవారం మొదలవుతుంది. ఎక్కడ ఎక్కువ బండ్లు పాతుకుపోయి ఉంటే అక్కడే కట్టడం. అది మా ఆఫీసు గుమ్మమైనా సరే, ఆపడం నా చేతుల్లో లేదు.

నిస్సహాయంగా,
అధికారిణి

తా.క.: సెలవు రద్దుచేసి మనిషిని పంపాను. అమ్మగారు బయటికొచ్చారట, సంతోషం. మా మనిషే ఇంకా ఆఫీసుకి రాలేదు. షట్టరుకి గాని అంటుకోలేదు కదా?

---

మేడమ్,

ఈసారి నోటీసు మీ ఆఫీసు గోడకి అంటించబోతున్నారు. కంగారుపడకండి, చేసింది నేనే. ఆదివారం చక్రాలు బిగించి, కార్లన్నీ మీ గుమ్మం దాకా తోయించాను. అక్కడ మళ్లీ విప్పాను. మీ జిగురు మనిషి కూడా ఓ చెయ్యి వేశాడు, సెలవు పోయిన కసి ఉంది పాపం. మీ కుర్రాళ్లు వచ్చి శ్రద్ధగా రాసుకున్నారు. నా షెడ్డు ముందు గుండుసున్నా. పై అధికారి గదిలోంచి బండ్లు పైకెక్కే దారి వెళుతుందట, మీ కుర్చీ దగ్గర స్తంభం లేస్తుందట.

'ఆవిడ కూర్చునే చోటు పోగొడతావట్రా' అని అమ్మ నన్ను చీపురుతో కొట్టినంత పని చేసింది. మీ చోటు పోవడం నాకూ ఇష్టం లేదు మేడమ్. గూడు పోతుందంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే మీతో పాటు మీ పై అధికారికీ తెలియాలి. రెండు లెక్కలూ రద్దుచేసి, చక్రాలకో గడి పెట్టి, ఆయన సంతకంతో కాగితం నా చేతికివ్వండి. గంటలో కార్లు లేపుతాను.

గౌరవంతో, పట్టుదలతో,
మెకానిక్

తా.క.: వరసలో మూడో కారు ఆయనదే. బ్రేకులు చూడమని తనే డ్రైవరుతో పంపారు, శుక్రవారానికి ఇస్తానన్నాను. చక్రాలు మా అమ్మ మంచం కింద భద్రంగా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఆయన నడవకుండా ఇల్లు చేరాలంటే, ఆఫీసు మూసేలోపు జవాబు రావాలి.