తువ్వాలు కింద పాఠం

నాన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ కాలేజీకి నీ తువ్వాలు పట్టుకెళ్ళాను. నూజివీడు మార్కెట్లో మామిడి బేరాలప్పుడు దాని కింద అవతలివాళ్ళ వేళ్ళు నొక్కి ధర చెప్పేవాడివే, ఆ తువ్వాలు. జన్యువులో రాసి ఉన్నది ప్రోటీన్‌గా ఎలా మారుతుందో ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కడం లేదు.

ముసునూరు నుంచి వచ్చే అమ్మాయి చేతిమీద తువ్వాలు కప్పి, మూడు వేళ్ళు ఒక వరసలో నొక్కాను. జన్యువులో మూడు అక్షరాలు కలిస్తే ఒక కోడాన్, దానికి ఒక అమైనో ఆమ్లం, అంటే ఇక్కడ ఒక కాయ. ఆ వరసను బట్టి తను రెండో చేత్తో చిన్నరసమో బంగినపల్లో తీసి బల్లమీద పేర్చాలి. ఒక చేత్తో చదివి ఇంకో చేత్తో తేవడం. కణంలో టీఆర్‌ఎన్‌ఏ చేసేది ఇదే. పేర్చిన కాయల వరసే ప్రోటీన్.

“మరి ఇక ఆపమని చెప్పే స్టాప్ కోడాన్ వస్తే ఏ కాయ తేవాలి మేడం?” అంది.

“ఏదీ తేనక్కర్లేదమ్మా. చెయ్యి వదిలేయడమే. అప్పటిదాకా కట్టిన గొలుసు విడిపోయి తన పనికి తను పోతుంది.”

ఆఖరిరోజు ఆసుపత్రిలో దుప్పటి కింద నువ్వు నా వేళ్ళు ఒక్కొక్కటే చాలాసేపు నొక్కావు. తరవాత వదిలేశావు. ఆ భాష నాకెప్పుడూ నేర్పలేదు నువ్వు. నొప్పేమో అనుకుని నేను నర్సుని పిలిచాను.