ఖాజా సంచిలో సర్టిఫికెట్

షార్జా, రోలా
1978 జూన్, గురువారం రాత్రి

ఈ సాయంత్రం కూడా గదిలో చాప మీద జర్మనీ మ్యాప్ పరిచాం. ఖాజా ఎర్ర పెన్సిల్‌తో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ దాకా గీత గీశాడు. వచ్చే వారమే ప్రయాణం. ముగ్గురం, అద్దె కారు, పదిహేను రోజులు.

"మళ్ళ వచ్చేది ఏ తారీఖో రాస్తలేవేంది?" అని రాజన్న అడిగాడు.

"ముందు పోనీ భాయ్, యల్లా!" అని ఖాజా నవ్వేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉన్నాయి. అవి ఇవ్వాలంటే ఒకరికొకరం జామీను సంతకం పెట్టాలన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. ఒక్కడు తిరిగి రాకపోయినా మిగతా ఇద్దరి ఉద్యోగాలు ఖలాస్. సంతకాలు శనివారం.

నేను మ్యాప్ మడిచి ఖాజా ప్రయాణం సంచిలో పెట్టబోతే, అడుగున వాడి వెల్డింగ్ సర్టిఫికెట్ కనబడింది. షికారుకెళ్ళేవాడికి అదెందుకు? అక్కడే పని చూసుకుని ఉండిపోతాడా?

నిలదీద్దామనుకున్నాను, కానీ మ్యాప్ దాని మీదే పెట్టి సంచి మూసేశాను. అడిగితే "నీ సంచి కూడా తెరువు భాయ్" అంటాడు. నా డిప్లొమాను నిన్ననే అందులో చొక్కాల మడతల్లో దాచాను.

పాపం, రాజన్న మా ఇద్దరికీ సంతకం పెడతాడు.